పాంటు సైజు 34, నడుము 96

ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో నా ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువేనా అని చూసే అంకె) 24.2, నార్మల్ అని రాసిచ్చారు. నిశ్చింతగా ఆ కాగితం బీరువాలో పెట్టేశాను. నాన్నకు షుగర్ ఉంది, నువ్వూ చూపించుకోరా అని అమ్మ పోరుపెడితే రెండు నెలల తర్వాత మా ఊళ్లో డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను.

ఆయన కాగితం చూసి, "25 లోపు నార్మల్ అనేది ప్రపంచం మొత్తానికి పెట్టిన లెక్క బాబూ, మనవాళ్లకు 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం" అన్నారు. అదే బీఎంఐ దగ్గర మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ, అందులోనూ పొట్ట చుట్టూ చేరుతుంది కాబట్టి తక్కువ బరువుకే షుగర్ వస్తుందట. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెకు ఏది కండో ఏది కొవ్వో తెలియదు కదా!

తర్వాత టేపు తీశారు. నాది 34 అంగుళాల సైజు పాంటేనండీ అన్నాను. మగవాళ్లం పాంటు పొట్ట కిందికి జార్చి కట్టుకుంటాం, ఆ సైజు నడుము కొలత కాదని అప్పుడే తెలిసింది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, బిగించకుండా కొలవాలి. 96 సెంటీమీటర్లు వచ్చింది. మనకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 దాటకూడదు. ఎత్తులో సగం కన్నా తక్కువ ఉండాలనే లెక్క చూసుకున్నా నాకు 85 దాటకూడదు.

రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే అంకె) 6.0, అంటే షుగర్‌కు ముందు దశ. స్కానింగులో ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు చేరింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

అన్నం తగ్గించి పప్పు, గుడ్లు పెంచాను, రోజూ నలభై నిమిషాలు నడిచాను. ఆరు నెలలకు తగ్గింది మూడు కిలోలే, కానీ నడుము 91కి, హెచ్‌బీఏ1సీ 5.6కి వచ్చాయి. మొదటి రెండు నెలలు బరువు కిలో కూడా కదలకపోతే మానేద్దామనిపించింది, టేపులో నడుము తగ్గడం చూసుకునే మానలేదు. 2025 జనవరిలో లాన్సెట్ వైద్య పత్రికల తరఫున పనిచేసిన నిపుణుల కమిషన్ కూడా ఒక్క బీఎంఐ చూసి ఊబకాయం తేల్చొద్దని, నడుము కొలతలాంటిది మరొకటి చూడాలని చెప్పింది. అయినా క్యాంపుల్లో టేపు ఎందుకు పెట్టరో, నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మా తమ్ముడు సన్నగానే కనిపిస్తాడు, 64 కిలోలు. మొన్న పండక్కి వస్తే కొలిచాను, 92. సోమవారం వాడికి రక్తపరీక్ష.