ఫైలు వచ్చిందని చెప్పింది, పూర్తయిందని చెప్పలేదు

మా ఆఫీసులో బిల్లులూ రసీదులూ స్కాన్ చేసే యంత్రం ఒకటి ఉంది. అది ప్రతి కాగితాన్నీ పీడీఎఫ్‌గా మార్చి, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ ద్వారా ఒక లినక్స్ సర్వరులోని డైరెక్టరీలో పడేస్తుంది. అక్కడి నుంచి ఆ ఫైలును తీసుకుని, అందులోని అక్షరాలను గుర్తించి, తేదీల వారీగా భద్రపరిచే ప్రోగ్రాము బాధ్యత నాది. చాలాకాలం ఆ పనిని, చెప్పిన వేళకు ప్రోగ్రాములను లేపే క్రాన్ నడిపించేది. నిమిషానికోసారి లేచి, డైరెక్టరీలో ఏమున్నాయో చూసి, కొత్తవేమైనా ఉంటే తీసుకుని మళ్లీ పడుకునేది. అకౌంట్స్ విభాగంలోని మేడమ్ ఒకరు "స్కాన్ చేసి ఇక్కడే నిలబడ్డానండీ, తెర మీదకు ఇంకా రాదేం?" అని రెండు మూడుసార్లు అడిగాక, ఆ నిమిషం ఆలస్యాన్ని తీసేయాలని లినక్స్‌లోని ఐనోటిఫై అనే సదుపాయం జోలికి వెళ్లాను.

మనం పదే పదే వెళ్లి చూడనక్కరలేకుండా, మార్పు జరిగినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెలే మనకు కబురు పంపే ఏర్పాటు ఇది. దీనికి ముందు లినక్స్‌లో డీనోటిఫై ఉండేది. అది కబురును సిగ్నల్ రూపంలో పంపేది, డైరెక్టరీలో ఏదో మారిందని చెప్పేదే తప్ప ఏ ఫైలు మారిందో చెప్పేది కాదు. పైగా కనిపెట్టి చూడాల్సిన ప్రతి డైరెక్టరీనీ తెరిచే ఉంచాలి కాబట్టి, అది పెన్‌డ్రైవ్‌లోదైతే ఆ పెన్‌డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేయడం కూడా కుదిరేది కాదు. ఈ ఇబ్బందులను తొలగిస్తూ జాన్ మెకచన్, రాబర్ట్ లవ్ రాసిన ఐనోటిఫై 2005 ఆగస్టులో విడుదలైన 2.6.13 కెర్నెల్‌లో చేరింది. వాడకం కూడా తేలికే. ఐనోటిఫై_ఇనిట్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే ఒక ఫైల్ డిస్క్రిప్టరు, అంటే తెరిచిన ఫైలుకు గుర్తుగా కెర్నెల్ ఇచ్చే సంఖ్య లాంటిది, చేతికి వస్తుంది. ఐనోటిఫై_యాడ్_వాచ్‌కు డైరెక్టరీ పేరు, మనకు కావలసిన ఈవెంట్ల (అంటే ఏయే మార్పులకు కబురు కావాలో వాటి) జాబితా ఇస్తే, ఆ నిఘాకు గుర్తుగా వాచ్ సంఖ్య ఒకటి వస్తుంది. ఆ తర్వాత ఏ ఫైలునో చదివినట్లుగా ఆ డిస్క్రిప్టరును రీడ్‌తో చదువుకుంటూ పోవడమే. ఒకేసారి అనేక డిస్క్రిప్టర్ల కోసం ఎదురుచూసే ఈపోల్‌తో కూడా అది చక్కగా ఇముడుతుంది.

నేను చేసిన మొదటి పొరపాటు ఆ రీడ్ దగ్గరే జరిగింది. ప్రతి ఈవెంటుకూ ముందు 16 బైట్ల భాగం ఉంటుంది. నాలుగేసి బైట్ల చొప్పున వాచ్ సంఖ్య, ఏం జరిగిందో తెలిపే మాస్కు, పేరు మార్పులను జతపరిచే కుకీ, వెనుక వచ్చే పేరు పొడవు అందులో ఉంటాయి. దాని వెంటనే ఫైలు పేరు, ఆ పేరు చివర సర్దుబాటు కోసం చేర్చిన సున్నా బైట్లు ఉంటాయి. ఒక్కో రీడ్‌కు ఒక్కో ఈవెంటే వస్తుందని నేను అనుకున్నాను. ఫైళ్లను ఒక్కొక్కటిగా వేసి పరీక్షించినప్పుడు ఆ ఊహ నిజమే అనిపించింది. కానీ అసలు వాడకంలో ఒక బిల్లులోని అక్షరాలను గుర్తించే పనిలో ప్రోగ్రాము తలమునకలై ఉండగా వచ్చిన ఈవెంట్లన్నీ క్యూలో చేరి, తర్వాతి రీడ్‌కు మూకుమ్మడిగా వచ్చేవి. నేను మొదటిదాన్ని మాత్రమే చూసి మిగతావాటిని వదిలేస్తున్నాను. 16 బైట్లకు పేరు పొడవును కలుపుకుంటూ, రీడ్ నింపిన బఫరు చివరిదాకా నడవాలన్న చిన్న విషయం అర్థం కావడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.

రెండో పొరపాటు ఇంతకంటే లోతైనది. నేను అడిగిన ఈవెంటు ఇన్_క్రియేట్. ఫైలు పుట్టిన క్షణంలోనే కబురు వచ్చేది, ప్రోగ్రాము వెంటనే దాన్ని తెరిచేది. అప్పటికి ఎఫ్‌టీపీ సర్వరు ఆ ఫైలులో రాసింది మొదటి కొన్ని కిలోబైట్లే, ఒక్కోసారి అదీ లేదు. పీడీఎఫ్ పాడైపోయిందంటూ లాగ్‌లో వరుసగా తప్పులు కనిపించాయి. నేను వెళ్లి చూస్తే ఫైలు నిక్షేపంగా ఉండేది. ఎందుకంటే నేను చూసేసరికి రాయడం పూర్తయ్యేది. మాన్యువల్ మళ్లీ చదివి ఇన్_క్లోజ్_రైట్‌కు మారాను. రాయడం కోసం తెరిచిన ఫైలును ఎవరైనా మూసినప్పుడు వచ్చే ఈవెంటు అది. దానితో పాటు ఇన్_మూవ్డ్_టూ కూడా అడగాలి. ఫైళ్లను ఒక చోటి నుంచి మరో చోటికి నకలు చేసే ఆర్‌సింక్ వంటివి ముందు ఒక తాత్కాలిక పేరుతో రాసి, అంతా అయ్యాక అసలు పేరు పెడతాయి. అప్పుడు అసలు పేరుతో వచ్చేది పేరు మార్పు ఈవెంటే తప్ప మూసివేత ఈవెంటు కాదు.

ఇంతటితో సమస్య తీరిందనుకున్నాను గానీ, వారం తిరగకముందే మళ్లీ ఒక సగం ఫైలు ప్రోగ్రాము చేతికి చిక్కింది. స్కానరు నెట్‌వర్క్ తీగ వదులుగా ఉండటంతో పంపకం మధ్యలో తెగింది. ఎఫ్‌టీపీ సర్వరు తన వంతుగా ఫైలును మూసింది, కెర్నెల్ నియమం ప్రకారం క్లోజ్_రైట్ కబురు పంపింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. మూయడం వేరు, పూర్తవడం వేరు. ఆ తేడా కెర్నెల్‌కు తెలిసే మార్గం లేదు, పీడీఎఫ్ అంటే ఏమిటో తెలిసిన నా ప్రోగ్రామే తెలుసుకోవాలి. అందుకని ఇప్పుడు ఫైలు చివర %%ఈఓఎఫ్ అనే గుర్తు ఉందో లేదో చూసి, లేకపోతే దాన్ని పక్కన పెడుతున్నాను.

తర్వాత స్కానరు సెట్టింగు మార్చి రోజుకొక ఉపడైరెక్టరీ సృష్టించుకునేలా చేశారు. ఐనోటిఫై వాచ్ ఆ ఒక్క డైరెక్టరీకే పరిమితం. లోపలి డైరెక్టరీల్లో జరిగేది దానికి పట్టదు. కాబట్టి కొత్త డైరెక్టరీ పుట్టిందన్న కబురు రాగానే దానికి కూడా వాచ్ పెట్టేలా రాశాను. అయినా ప్రతి ఉదయం మొదటి బిల్లు మాయమయ్యేది. డైరెక్టరీ పుట్టడానికీ, నేను దానికి వాచ్ పెట్టడానికీ మధ్య ఉన్న సందులోనే ఆ మొదటి ఫైలు వచ్చి కూర్చునేది, దాని గురించి కబురు చెప్పే దిక్కు ఉండేది కాదు. దీనికి మందు ఒక్కటే. ముందు వాచ్ పెట్టాలి, ఆ వెంటనే డైరెక్టరీలో ఉన్న ఫైళ్ల జాబితా తీయాలి. జాబితాలోనూ ఈవెంటులోనూ రెండుసార్లు కనిపించే ఫైలును ఒక్కసారే తీసుకోవాలి. ఈ రెండు పనుల వరుస తిరగేస్తే సందు మళ్లీ తెరుచుకుంటుంది.

ఇక అందరినీ ఒకసారైనా తికమక పెట్టే సంగతి ఇంకొకటి ఉంది. ఒకరోజు నా సొంత కంప్యూటరులో ఇదే ప్రోగ్రాము "పరికరంలో ఖాళీ లేదు" అన్న తప్పుతో ఆగిపోయింది. డిస్కు చూస్తే సగానికి పైగా ఖాళీగానే ఉంది. అయిపోయింది డిస్కు కాదు, వాచ్‌ల కోటా. ఆ సందర్భానికి కూడా కెర్నెల్ అదే తప్పు సంఖ్యను వాడుకుంటుంది. కెర్నెల్ తన వివరాలు చూపించే ప్రాక్ డైరెక్టరీ కింద సిస్, ఎఫ్‌ఎస్, ఐనోటిఫై అంటూ మెట్లు దిగితే మూడు సంఖ్యలు కనిపిస్తాయి. ఒక యూజరు తెరవగల ఐనోటిఫైల సంఖ్య మామూలుగా 128, క్యూలో నిలవగల ఈవెంట్లు 16384. వాచ్‌ల సంఖ్య పాత కెర్నెళ్లలో 8192 ఉండగా, 5.11 నుంచి యంత్రంలోని మెమరీని బట్టి 1048576 వరకు పెరుగుతుంది. ఈ కోటా ప్రోగ్రాముకు కాదు, యూజరుకు. నేను తెరిచి ఉంచిన ఎడిటరు, దాని పక్కన నడుస్తున్న ఒక జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు వేల కొద్దీ డైరెక్టరీలకు వాచ్‌లు పెట్టి కోటా అంతా తినేశాయి. కెర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌కంట్రోల్‌తో సంఖ్య పెంచుకున్నాను.

క్యూ నిండిపోవడాన్ని ఒక్కసారే చూశాను. బ్యాకప్ నుంచి పాత ఫైళ్లను గుట్టగా తెచ్చి ఆ డైరెక్టరీలో పోసినప్పుడు, ఇన్_క్యూ_ఓవర్‌ఫ్లో అనే ఈవెంటు వచ్చింది. అందులో వాచ్ సంఖ్య మైనస్ ఒకటి. అంటే కొన్ని కబుర్లు పోయాయని చెబుతుంది, ఏవి పోయాయో చెప్పదు. అప్పుడు డైరెక్టరీని మొదటి నుంచీ చూసుకోవడం తప్ప మరో దారి లేదు. ఫైలును ఎవరు మార్చారన్నది కూడా ఐనోటిఫై చెప్పదు. అది కావాలంటే ప్రాసెస్ సంఖ్యను కూడా ఇచ్చే ఫానోటిఫై ఉంది గానీ, మా బిల్లులకు ఆ అవసరం పడలేదు.

చివరకు పోయిన ఏడాది ఆ డైరెక్టరీని ఒక నెట్‌వర్క్ నిల్వ పరికరానికి మార్చి, వేరే యంత్రంలోని డైరెక్టరీని మనదానిలా చూపే ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా మా సర్వరులో మౌంట్ చేశారు. స్కానరు ఇప్పుడు నేరుగా ఆ పరికరానికే రాస్తుంది. మార్చిన రోజు ప్రోగ్రాము ఏ తప్పూ చూపలేదు. వాచ్ పెట్టింది, డిస్క్రిప్టరు దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంది, సాయంత్రం దాకా ఒక్క కబురు కూడా రాలేదు. మా కెర్నెల్ ద్వారా జరిగే మార్పులే మా కెర్నెల్‌కు తెలుస్తాయి, అవతలి యంత్రంలో జరిగినవి తెలియవు. మరునాడు ఉదయం పాత రిపాజిటరీలోంచి, ఎప్పుడో తొలగించిన ఆ నిమిషం క్రాన్ వరుసను వెతికి తీసి మళ్లీ చేర్చాను. మేడమ్‌కు ఇంకా చెప్పలేదు.