రొయ్యల గుంట అలారానికి ఏ పవర్ సప్లై?

కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలకి, ఏరియేటర్ (నీళ్లకి గాలి అందించే యంత్రం) ఆగితే మోగే అలారాలు చేసిస్తుంటాను. ఈమధ్య ఒంగోలు నుంచి ఒక తమ్ముడు తన బోర్డు ఫొటో పంపాడు. "అన్నా, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే 5 వోల్టులు తెచ్చా." కరెంటు లైనులో పెట్టే 1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి, వోల్టేజీని 5 దగ్గర ఆపే జీనర్ డయోడు. దీన్నే డ్రాపర్ అంటారు. సోల్డరింగ్ చక్కగా ఉంది. కానీ టెంపరేచర్ సెన్సర్ వైరు ఆ బోర్డు నుంచే నీళ్లలోకి పోతోంది. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు.

5 వోల్టులు అంటే బోర్డు ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య. ఆ మైనస్సుకీ నేలకీ మధ్య ఎంతుందో కొలవాలి కదా! ఫేజు వైపు కెపాసిటర్ ఉంటే మైనస్సు న్యూట్రల్ దగ్గర్లో ఉంటుంది. టూపిన్ ప్లగ్గు తిప్పి పెడితే అదే మైనస్సు 230 వోల్టుల మీద కూర్చుంటుంది, మధ్యలో కెపాసిటర్ అడ్డు కూడా ఉండదు. ఉప్పునీళ్లలో నానే వైరు తొడుగు ఎక్కడో ఒకచోట చిట్లకుండా ఎన్నాళ్లుంటుంది? ఆ నీళ్లలోకి దిగి చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తేది మన మనిషే.

"కెపాసిటర్ కరెంటును ఆపుతుందిగా" అన్నాడు తమ్ముడు. 50 హెర్ట్జ్ దగ్గర 1 మైక్రోఫారడ్ 70 మిల్లీఆంపుల దాకా వదులుతుంది. మనుషుల్ని కాపాడ్డానికి ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) 30 మిల్లీఆంపులకే పడిపోతుంది. ఇంకేం ఆపినట్టు?

నేను చూసేది ఒక్కటే: ఈ సర్క్యూట్‌కి కలిసిన లోహాన్ని ఎవరైనా ముట్టుకోగలరా, ఏ వైరైనా డబ్బా దాటి బయటికి వస్తుందా? వస్తే ఐసోలేషన్ ఉన్న, అంటే మెయిన్ కరెంటుతో తీగ సంబంధం లేని సప్లయ్యే. ఎల్ఈడీ బల్బు, స్విచ్‌బోర్డు లోపలి టైమరు లాంటివి ప్లాస్టిక్‌లో మూసేసి ఉంటాయి, వాటికి డ్రాపర్ చాలు. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటిమట్టం చూసే ప్రోబులకి మాత్రం వద్దే వద్దు.

తమ్ముడికి హైలింక్ పీఎం01 అనే రెడీమేడ్ పవర్ మాడ్యూల్ పెట్టమన్నాను: 5 వోల్టులు, 600 మిల్లీఆంపులు. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, కరెంటు వైపుకీ మన వైపుకీ మధ్య తీగ సంబంధం ఉండదు. ఖర్చు కాస్త ఎక్కువే, పెట్టండి. ఎస్ఎంఎస్ పంపే సిమ్800 మాడ్యూల్ ఉంటే అది ఒక్కో క్షణం 2 ఆంపులు లాగుతుంది, ఇది కూడా చాలదు. దానికి బ్యాటరీ గానీ పెద్ద అడాప్టర్ గానీ కావాలి.

మాడ్యూల్ కొన్నంత మాత్రాన సరిపోదు. బోర్డు మీద 230 ట్రాకులకీ 5 వోల్టుల ట్రాకులకీ మధ్య కనీసం 8 మిల్లీమీటర్లు వదలండి, వీలైతే మధ్యలో గాడి కోయండి. సముద్రం గాలికి ఇక్కడ బోర్డు మీద ఉప్పు పొర పేరుకుంటుంది, తేమ తగిలితే అదే కరెంటుకి దారి అవుతుంది.

ఇంకోటి. డ్రాపర్ బోర్డు ప్లగ్గులో ఉండగా ప్రోగ్రాం ఎక్కించడానికి ల్యాప్‌టాప్ కేబుల్ గుచ్చకండి. ప్లగ్గు పీకి, కెపాసిటర్ ఖాళీ అయ్యాకే గుచ్చండి.