నువ్వు, మీరు, వూ: పిల్లలతో, కెమెరాతో బర్గండీ ఊళ్ళలో

ఇండియా వెళ్ళినప్పుడు పిల్లలు మన వెనకాలే నడుస్తారు. ఆటో బేరం మనదే, ఏ తాతయ్యకు దణ్ణం పెట్టాలో చెప్పేదీ మనమే. తిరిగి డాలస్‌కో లండన్‌కో వచ్చాక వ్యవహారం తిరగబడుతుంది. మన ఉచ్చారణ దిద్దేది వాళ్ళు, బడి పద్ధతులు మనకు విడమర్చి చెప్పేది వాళ్ళు. ఇద్దరికీ ఏమీ తెలియని మూడో చోటు ఉంటే అక్కడ ఇద్దరూ ఒకే మెట్టు మీద నిలబడతారు. ఫ్రాన్స్‌లోని పాత ఊళ్ళు, ముఖ్యంగా తూర్పు వైపు బర్గండీ ప్రాంతంలోవి, అందుకు చక్కగా కుదురుతాయి. కాకపోతే ఒక షరతు: పది రోజుల్లో పన్నెండు ఊళ్ళు చుట్టెయ్యాలన్న మన పాత జబ్బును ఇంట్లోనే వదిలి రావాలి.

డిజాన్, బోన్, షలోన్-సుర్-సోన్, టూర్ను, లియాన్. సుమారు 200 కిలోమీటర్ల ఒకే రైలు మార్గం మీద వరసగా ఉన్న ఊళ్ళివి. పారిస్ నుంచి డిజాన్‌కు టీజీవీ అనే వేగపు రైలులో గంటన్నర పైచిలుకు. అక్కడి నుంచి ప్రాంతీయ రైళ్ళు, అంటే టీఈఆర్. డిజాన్ నుంచి బోన్ ఇరవై నిమిషాలు, బోన్ నుంచి షలోన్ మరో ఇరవై. ఈ రైళ్ళకు సీటు రిజర్వేషన్ అక్కర్లేదు కాబట్టి పిల్లాడు ఏ కోటగోడ దగ్గరో మొరాయిస్తే తర్వాతి బండి చూసుకోవచ్చు. తొమ్మిది రాత్రులుంటే డిజాన్‌లో మూడు, బోన్‌లో రెండు, షలోన్‌లో ఒకటి, లియాన్‌లో మూడు. పారిస్‌ను ఈసారికి వదిలెయ్యండి. ఈఫిల్ టవర్ లేకుండా ఫ్రాన్స్ ఏమిటని బంధువులు అడిగితే, గుస్తావ్ ఈఫిల్ 1832లో పుట్టింది డిజాన్‌లోనే అని చెప్పుకోవచ్చు.

కాలం సంగతి. జూన్‌లో లియాన్‌లో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నరకు గానీ అస్తమించడు. ఫొటోలకు పనికొచ్చే బంగారు వెలుగు వచ్చేసరికి చిన్నపిల్లలు నిద్రకు జోగుతుంటారు. అక్టోబరు మూడు నాలుగు వారాలు మేలు. ఉదయం ఎనిమిది దాటాక సూర్యోదయం, సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో అస్తమయం. ఎవర్నీ తెల్లవారుజామున లేపక్కర్లేదు. ఆ నెల చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి వెళ్తాయి, అప్పట్నుంచి ఐదున్నరకే చీకటి. నవంబరు మూడో ఆదివారం బోన్‌లో పేరున్న వైన్ వేలం జరుగుతుంది. ఆ చుట్టుపక్కల రోజుల్లో అక్కడ గది దొరకడం కష్టం.

కాగితాల దగ్గర మన ఇళ్ళకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పిల్లలకు అమెరికా లేదా బ్రిటన్ పాస్‌పోర్టు ఉంటే షెంగెన్ వీసా అక్కర్లేదు, ఇండియా పాస్‌పోర్టు ఉన్న అమ్మకో నాన్నకో కావాలి. పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఎంత ఆలస్యమైనా 15 రోజుల ముందు పెట్టాలి. ఇక ఇంటిపేర్లు. అమ్మ పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, పిల్లల పాస్‌పోర్టులో నాన్న ఇంటిపేరు ఉండటం మనకు మామూలే గానీ సరిహద్దు అధికారికి మామూలు కాదు. జనన ధ్రువపత్రం నకలు చేతి సంచిలో ఉంచుకోండి. ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం కూడా.

ఇప్పుడు అసలు సంగతి: పలకరింపు. ఫ్రాన్స్‌లో కొట్టు గుమ్మం దాటగానే ‘బోంజూర్’ అనకుండా నేరుగా ‘ఇది ఎంత?’ అంటే కొట్టువాళ్ళ మొహం ముడుచుకుంటుంది. టికెట్టు కిటికీ దగ్గరా, బస్సు ఎక్కేటప్పుడూ అంతే. సాయంత్రమైతే ‘బోంసువార్’. ఆ మాట పలికే పని పిల్లలకు అప్పగించండి. దీని పక్కనే ఇంకో పాఠం ఉంది. మన పిల్లల తెలుగులో మొదట రాలిపోయేది ‘మీరు’. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట కాబట్టి తాతయ్యను కూడా ‘నువ్వు తిన్నావా’ అంటారు, అది మర్యాద తక్కువ మాటని వాళ్ళకు తట్టదు కూడా. ఫ్రెంచిలో ‘త్యూ’ అంటే నువ్వు, ‘వూ’ అంటే మీరు. రొట్టెలమ్మే ఆవిడను ‘వూ’ అనాలి, తోటి పిల్లల్ని ‘త్యూ’ అనొచ్చు. అమ్మానాన్నలు పదేళ్ళుగా చెప్పినా ఎక్కనిది, ఎవరో బేకరీ ఆవిడ ముందు రెండు రోజుల్లో ఎక్కుతుంది. ఇది మన ఇంటి చాదస్తం కాదు, ఇంకో దేశమూ ఇలాగే మాట్లాడుతుందని తెలియడమే కారణం. అక్కడ కూడా అమ్మను ‘త్యూ’ అనే అంటారు, మన ఇళ్ళలో చాలామంది ‘నువ్వు’ అన్నట్టే.

కాలవ్యత్యాసం కూడా కలిసొస్తుంది. వేసవి గడియారంలో ఇండియా కంటే ఫ్రాన్స్ మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. అమెరికా నుంచి వచ్చినవాళ్ళకు ఇది పండగే. ఫ్రాన్స్‌లో పొద్దున్న పది అంటే అక్టోబరులో ఇండియాలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర, అమ్మమ్మ భోజనం చేసి కూర్చుని ఉంటుంది. రోజుకో ఫొటో, దాని కింద పిల్లలు తెలుగులో చెప్పిన ఒక్క వాక్యం వాయిస్ మెసేజ్. వ్యాసం రాయమంటే పారిపోతారు, ఒక్క వాక్యమంటే చెప్తారు.

డిజాన్‌లో పని సులువు చేసేది గుడ్లగూబ దారి. పేవ్‌మెంటు మీద గుడ్లగూబ బొమ్మ ఉన్న ఇత్తడి బాణాలు, 22 మజిలీలు. పెద్దవాళ్ళకు గంట నడక, పిల్లలతో మూడు గంటలు. రెండు రోజులకు పంచుకోండి. నోత్ర్-డామ్ చర్చి ఉత్తరపు గోడకు చెక్కిన చిన్న గుడ్లగూబను ఎడమ చేత్తో తాకి కోరిక కోరుకోవాలి, ఎడమ అంటే గుండె ఉన్న వైపని. అన్నిటికీ కుడి చెయ్యే అని నేర్పిన ఇంట్లో దీని మీద మంచి చర్చే జరుగుతుంది. తరతరాల చేతులు తాకి రాయి అరిగిపోయి, అది గుడ్లగూబని చెప్తే గానీ తెలియదు. ఫొటో తియ్యాలంటే ఉత్తరపు గోడ కాబట్టి నేరు ఎండ పడదు. చెక్కడం తెలియాలంటే ఫోను టార్చిని పక్కనుంచి, గోడకు దాదాపు ఆనించి వెయ్యాలి. ఎదురుగా వేస్తే అంతా చదునైపోతుంది. ఇలాంటి పాత చర్చిల బలిపీఠం మామూలుగా తూర్పున ఉంటుంది కాబట్టి ముఖద్వారం పడమటికి. పొద్దున్నే వెళ్ళి ముఖద్వారం ఫొటో తీస్తే వెనక ఆకాశం తెల్లగా కాలిపోతుంది, గోడ నల్లబడుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్ళండి.

ఒకప్పుడు బర్గండీని ఏలిన డ్యూకుల కోటలోని లలితకళల మ్యూజియంలో శాశ్వత ప్రదర్శనకు టికెట్ లేదు, మంగళవారం సెలవు. డ్యూకుల సమాధుల కింద దుఃఖిస్తూ నడిచే చిన్న రాతిబొమ్మలున్నాయి. పిల్లల కళ్ళకు సరిగ్గా అందే ఎత్తులో ఉంటాయి కాబట్టి కెమెరా వాళ్ళకే ఇవ్వండి. ఆ కోటలోదే ఫిలిప్ ల బోన్ బురుజు, 46 మీటర్లు, 316 మెట్లు. అయిదేళ్ళలోపు వాళ్ళతో వద్దు. సగం నుంచి ఎత్తుకోవాల్సి వస్తుంది, మెట్లు ఇరుకు. రాళ్ళు పరిచిన వీధుల్లో చిన్న చక్రాల స్ట్రోలర్ కూడా అంతే, సందుల్లో ఇరుక్కుంటుంది. ఒంటికి కట్టుకునే సంచి నయం.

ఇక కెమెరా. మన కుటుంబ ఫొటోల్లో మాటిమాటికీ జరిగే పొరపాటు ఒకటుంది. లేత రంగు సున్నపురాయి గోడ ముందు మన చామనఛాయ మొహాలు నిలబెడితే, కెమెరా ఆ గోడను చూసి వెలుతురు తగ్గించేస్తుంది. గోడ అందంగా వస్తుంది, మనం నీడల్లా వస్తాం. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుతురు, +0.7 దాకా పెంచండి. ఫోనులో అయితే మొహం మీద నొక్కి, వెలుతురు గుర్తును కొంచెం పైకి జరపండి. అంతకంటే మంచిది కమాను కింద, ఎండ మొదలయ్యే గీతకు అడుగు లోపల నిలబెట్టడం. ఎదురుగా ఎండ పడ్డ నేల నుంచి వెలుగు మెత్తగా మొహం మీదికి వస్తుంది. ఫోనులో 0.5 లెన్సుతో తీసేటప్పుడు పిల్లల్ని అంచున పెట్టొద్దు, తలలు సాగుతాయి. షట్టర్ వేగం నడిచే పిల్లలకు సెకనులో 1/250 వంతు, పరిగెత్తేవాళ్ళకు 1/500. చర్చి లోపల ఫ్లాష్ వద్దు, ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో తీసేందుకు పెంచే అంకె) 1600 నుంచి 3200 పెట్టి స్తంభానికి భుజం ఆనించి తీస్తే చాలు. గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తే కెమెరాను పైకెత్తడం వల్లే. నిటారుగా పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, కింది ఖాళీని తర్వాత కత్తిరించండి.

పిల్లల చేతికి పాత కాంపాక్ట్ కెమెరా ఇచ్చి రోజుకు 36 ఫొటోలే అని చెప్పండి, పాత ఫిల్ము రోలులో ఉన్నన్ని. లెక్క ఉంటేనే చూస్తారు, లేకపోతే నొక్కుతూ పోతారు. వాళ్ళ ఎత్తు నుంచి తీసిన వీధి వేరేగా ఉంటుంది: తలుపు గొళ్ళేలు, కుక్కలు, టేబుళ్ళ అడుగు. దిద్దకండి.

బోన్‌లో చూడాల్సింది ఓతెల్-ద్యు. చాన్సలర్ నికొలా రొలాఁ, భార్య గిగోన్ ద సలాఁ కలిసి 1443లో బీదల కోసం స్థాపించిన ఆసుపత్రి. అందులో 1971 దాకా రోగులున్నారు. వీధి వైపు మామూలు పలకరాతి కప్పు కనిపించి ఇంతేనా అనిపిస్తుంది. రంగురంగుల మెరుపు పెంకులు లోపలి పెరటి వైపుకే. ఆ పెంకుల మీద ఆకాశం మెరిసి రంగులు పాలిపోతాయి. లెన్సుకు మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ పెట్టి మెల్లగా తిప్పితే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ తిరిగొస్తాయి. అది లేకపోతే మబ్బు పట్టిన పూట కోసం ఆగండి. లోపల దాదాపు 50 మీటర్ల పొడవున్న బీదల శాలలో రెండు వైపులా మంచాల వరస. కింది పలకల మీద భార్యాభర్తల పేర్ల మొదటి అక్షరాలు అల్లి ఉంటాయి, పిల్లలతో వెతికించండి.

తిండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, మళ్ళీ రాత్రి ఏడు దాటాక. నాలుగింటికి ఆకలంటే వంటిల్లు మూసి ఉంటుంది, బేకరీయే దిక్కు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా కొట్లు తెరవరు. శాకాహారులు ‘వెజిటేరియన్’ అని ఆగకుండా ‘సాఁ వియాండ్, సాఁ ప్వాసోఁ’ అనాలి, మాంసం లేకుండా, చేప లేకుండా అని. సలాడ్లలోనూ కీష్‌లలోనూ కనిపించే ‘లార్దోఁ’ అంటే పంది మాంసం ముక్కలు. ‘బఫ్’ అంటే ఎద్దు మాంసం, బర్గండీ పేరున్న వంటకం అదే. లియాన్ ‘కెనెల్’ చూడ్డానికి మెత్తటి ముద్ద, సంప్రదాయంగా చేసేది చేపతో. జున్ను వేసి చేసే ‘గుజేర్’ మాత్రం నిశ్చింతగా తినొచ్చు, గుడ్డు పరవాలేకపోతే. డిజాన్ ఆవ ముద్ద రుచి చూపించేటప్పుడు ఆవకాయ గుర్తు చెయ్యండి. ఆవపిండి తడి తగిలాకే ఘాటెక్కుతుంది, వేడి చేస్తే ఆ ఘాటు పోతుంది. రెండు చోట్లా రసాయనం ఒకటే.

గది బదులు వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే ఒకపూట అన్నం వండుకోవచ్చు. అమెరికా రైస్ కుక్కర్ మాత్రం తేవద్దు. అది 120 వోల్టులది, ఇక్కడ 230. పిన్ను మార్చినా కాలిపోతుంది. ఫోను చార్జర్లకు ఆ భయం లేదు. ఐరోపా సమాఖ్య బయటి నుంచి పాల ఉత్పత్తులు తేకూడదు కాబట్టి నెయ్యి, కోవా సంచిలో వద్దు. ఇక్కడి వెన్న 250 గ్రాముల అచ్చు కొని సన్నటి సెగ మీద పదిహేను నిమిషాలు కాస్తే 200 గ్రాముల నెయ్యి వస్తుంది. అచ్చు మీద ‘దూ’ (ఉప్పు లేనిది) అని ఉండాలి, ‘దెమీ-సెల్’ అంటే ఉప్పు వేసినది.

షలోన్‌ను యాత్రికులు దాటిపోతుంటారు. కెమెరా పట్టినవాళ్ళు దాటకూడదు. నిసెఫోర్ నియెప్స్ 1765లో పుట్టిన ఊరది. దగ్గర్లోని సాఁ-లూ-ద-వరెన్‌లో తన ఇంటి కిటికీలోంచి 1826-27 ప్రాంతంలో ఆయన తీసినదే మనకు మిగిలిన మొట్టమొదటి కెమెరా ఫొటో. తగరపు మిశ్రమం రేకు మీద ఒక రకం తారు పూసి, కనీసం ఎనిమిది గంటలు వెలుగుకు ఉంచి, లావెండర్ నూనె కలిపిన ద్రావకంతో కడిగాడు. అన్ని గంటల్లో సూర్యుడు నడిచిపోయాడు కాబట్టి భవనాల రెండు వైపులా ఎండ పడినట్టుంటుంది. ఎందుకని పిల్లల్నే అడగండి. నది ఒడ్డున ఆయన పేరు మీద మ్యూజియం ఉంది, దీనికీ మంగళవారం సెలవే. అసలు రేకు మాత్రం టెక్సస్‌లో, ఆస్టిన్ విశ్వవిద్యాలయపు హ్యారీ రాన్సమ్ సెంటర్లో ఉంది. ఆస్టిన్‌లో ఉన్న మనవాళ్ళ పిల్లలకు సగం కథ సొంత ఊళ్ళోనే అన్నమాట.

ఆ రోజే గదిని కెమెరాగా మార్చండి. ఎండ పడుతున్న భవనం ఎదురుగా ఉన్న కిటికీకి నల్లటి చెత్త సంచులు రెండు పొరలుగా అంటించి, మధ్యలో సెంటీమీటరు వెడల్పు రంధ్రం చెయ్యాలి. రంగు ఊడకుండా వచ్చే మాస్కింగ్ టేపే వాడండి. తలుపు మూసి పది నిమిషాలు చీకటికి కళ్ళు అలవాటు పడనిస్తే, ఎదుటి గోడ మీద వీధి తలకిందులుగా కనిపిస్తుంది. రంధ్రం పెద్దదైతే బొమ్మ మసకబారుతుంది, మబ్బుంటే ఏమీ రాదు, అంచుల్లోంచి వెలుగు కారితే పాలిపోతుంది. ఫొటో తియ్యాలంటే కెమెరాను బల్ల మీద పెట్టి ఐఎస్ఓ 800, అరనిమిషం.

టూర్నులో రైలు దిగి రెండు గంటల్లో సాఁ-ఫిలిబేర్ మఠం చూసి మళ్ళీ ఎక్కొచ్చు. చెక్కడాలు లేని లావాటి గుండ్రటి స్తంభాలు, గులాబీ ఛాయ రాయి.

లియాన్‌లో ఫొటో కథ కొనసాగుతుంది. సినిమాకు ఆద్యులైన లూమియేర్ సోదరులు 1895లో తమ కార్ఖానా నుంచి కార్మికులు బయటికి రావడం చిత్రీకరించిన చోటు, ఇప్పటి లూమియేర్ మ్యూజియం, మెట్రో డి లైనులో ఉంది. వాళ్ళే 1907లో అమ్మకానికి పెట్టిన ‘ఆటోక్రోమ్’ రంగు ఫొటోల్లో రంగులద్దినది బంగాళాదుంప పిండి రేణువులకు. పాత లియాన్‌లో ‘త్రబూల్’ అనే ఇళ్ళ మధ్య దారులున్నాయి. సాఁ-జాఁ వీధి 54వ నంబరు నుంచి బఫ్ వీధి 27వ నంబరు దాకా పోయేది పొడవైనది. పైన జనం కాపురముంటారు, గట్టిగా అరవకూడదు. మనుషుల మొహాలు గుర్తుపట్టేలా తీసి అడక్కుండా నలుగురిలో పెడితే ఫ్రాన్స్‌లో చట్టం ఊరుకోదు. పిల్లల ఫొటోల మీద 2024 ఫిబ్రవరిలో ఒక చట్టం కూడా వచ్చింది: పిల్లల ఫొటో హక్కును తల్లిదండ్రులిద్దరూ కలిసి కాపాడాలి, వయసును బట్టి వాళ్ళ మాట కూడా వినాలి. బంధువుల వాట్సాప్ గుంపులో పెట్టే ముందు పిల్లల్ని అడగడం ఇక్కడ మొదలుపెట్టొచ్చు.

చివరి పూట క్రువా-రూస్ కొండకు ఉంచుకోండి. ఒకప్పటి పట్టు నేతగాళ్ళ పేట అది. ఇళ్ళలో పైకప్పు నాలుగు మీటర్ల ఎత్తు, జకార్డ్ మగ్గం పట్టాలి కాబట్టి. రంధ్రాల అట్టలతో పోగుల్ని ఎత్తి దించే ఆ ఏర్పాటును 1804 ప్రాంతంలో రూపొందించిన జకార్డ్ ఈ ఊరివాడే. ధర్మవరంలో పట్టుచీర అంచు నేసే మగ్గం మీద ఉండే పెట్టెకు ఆయన పేరే. నేతగాళ్ళ మ్యూజియంలో మగ్గం నడిపి చూపిస్తారు. అట్టలు కదిలే శబ్దం వీడియో తీసి అమ్మమ్మకు పంపితే, చీరలో ఆ బుటా ఎలా పడుతుందో మిగతాది ఆవిడ చెప్తుంది.