పరుపు కింద నల్ల చుక్కలు

దుప్పటి మారుద్దామని పరుపు ఎత్తితే అడుగున నల్ల చుక్కలు. సిరా చిలకరించినట్టు. వేలితో రుద్దితే మరకలా పాకింది, పైగా ముక్క వాసన.

పైన చూస్తే కొత్త పరుపే!

అసలు తప్పు మంచానిది. ఇల్లు చిన్నది కదా, సామాన్లు పడతాయని పెట్టె మంచం కొన్నాం. అడుగున ప్లైవుడ్ పలక, చుట్టూ మూత. రాత్రంతా ఒంటి చెమట, ఆవిరి కిందికి దిగి ఆ చల్లటి చెక్క దగ్గర ఆగిపోతాయి. పరుపేమో మెమరీ ఫోమ్ (నొక్కితే మెల్లగా పైకి లేచే స్పాంజి), అందులో గాలి ఆడేదీ అంతంతే. బూజుకి ఇంకేం కావాలి?

ఇప్పుడు పరుపుని గోడకి నిలబెట్టి ఫ్యాన్ ఫుల్లుగా పెట్టాను. (నేల మీద వేసుకుంటే ఇంకా ఘోరం, ఆ పని మాత్రం చేయకండి.)

పలక బదులు చెక్క పట్టీలున్న మంచమైతే నయం. పట్టీల మధ్య రెండు మూడు వేళ్ల సందు, కింద ఖాళీ, గోడకి జానెడు దూరం. పరుపు మందం గురించి షాపులో గంటసేపు వాదించుకున్నాం గానీ, దీన్ని ఎత్తి ఆరబెట్టగలమా అని ఒక్కరం కూడా అడగలేదు.

పలకకి రంధ్రాలు వేయించాలి. దానికంటే ముందు పెట్టెలో దాచిన దుప్పట్లు తీసి వాసన చూడాలి. ధైర్యం చాలడం లేదు.