బోయిసీ కొండవాలులో మఖ, పుబ్బ కార్తెలు: నా అనుభవం

మా అమ్మది అనంతపురం జిల్లా. ఆగస్టు నెలలో ఎక్కడో ఉరుము వినబడితే ఆమె ముఖం విప్పారుతుంది. వేరుశనగకు ఊడలు దిగే వేళ మఖ, పుబ్బ కార్తెలు మొహం చాటేస్తే ఇంట్లో ఏమవుతుందో ఆమె చిన్ననాటి నుంచి చూసింది. ఐడహో రాష్ట్రంలోని బోయిసీ నగరంలో, కొండల అంచున ఉన్న మా ఇంటికి ఆమె వచ్చిన వేసవిలో, అదే నెలలో అదే ఉరుము విని నేను కంగారుపడటం ఆమెకు ఎంతకీ అర్థం కాలేదు.

ఇక్కడ ఏడాదికి కురిసేది సగటున 12 అంగుళాల లోపే, అదీ ఎక్కువగా చలికాలంలోనూ వసంతంలోనూ కురుస్తుంది. జూన్ గడిచేసరికి కొండల మీది చీట్‌గ్రాస్ అనే గడ్డి పూర్తిగా ఎండిపోయి, ఆగస్టు నాటికి నిప్పురవ్వ తగిలితే చాలన్నట్టుగా ఉంటుంది. ఆ రోజుల్లో దక్షిణం నుంచి కొంత తేమ ఎగబాకి వచ్చి మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి కాని, మబ్బు చాలా ఎత్తున ఉండటం వల్ల, కింది గాలి మరీ పొడిగా ఉండటం వల్ల చినుకులు నేలను చేరకముందే ఆవిరైపోతాయి. బూడిదరంగు వానచారలు ఆకాశంలో సగం దాకా వేలాడి అక్కడే మాయమవుతాయి. పిడుగు మాత్రం నేలను తాకుతుంది. ఆవిరయ్యే వాన వల్ల చల్లబడి బరువెక్కిన గాలి కిందికి దూకి, పిడుగు రాజేసిన నిప్పును ఎటు పడితే అటు తోస్తుంది.

జులై చివరలో మా ఇంటి బీమా సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటి చుట్టూ ఉన్న పొదలను తొలగించి ఫొటోలు పంపకపోతే సెప్టెంబరులో పాలసీని పునరుద్ధరించబోమన్నారు. ఏ పొదలను, ఎంత దూరం వరకు తొలగించాలో అందులో లేదు. రెండుసార్లు ఫోన్ చేసినా స్పష్టమైన జవాబు దొరకలేదు. మంటల నుంచి ఇంటిని కాపాడుకోవడం గురించి అగ్నిమాపక శాఖ వారు ఉచితంగా చూసి చెబుతారని పక్కింటాయన అంటే, వెంటనే సమయం తీసుకున్నాను.

వచ్చిన అధికారి కొండవైపు చూస్తారనుకున్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని మా గోడ అడుగు భాగాన్ని చూశారు. ఇళ్లు చాలావరకు ఎదురుగా వచ్చే మంటల గోడ వల్ల కాక, గాలిలో ఎగిరివచ్చే నిప్పురవ్వల వల్ల అంటుకుంటాయని, గోడ నుంచి మొదటి 5 అడుగులలో కాలే వస్తువు ఏదీ ఉండకూడదని చెప్పారు. ఇదే నగరంలో 2008 ఆగస్టు 25న గాలికి ఏటవాలు వెంట ఎగబాకిన మంటలకు 10 ఇళ్లు కాలిపోయి ఒకరు మరణించిన సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

కిటికీ కింద గుబురుగా ఉన్న జునిపర్ పొదను తీసేయడమే కష్టమైంది. "అంత పచ్చని చెట్టును కొట్టేస్తావా నాయనా?" అని అమ్మ బాధపడింది. నేను కొమ్మలను రెండు చేతులతో విడదీసి ఆమెకు చూపించాను. పచ్చదనం పైన బెత్తెడు మందమే. లోపలంతా ఏళ్ల తరబడి రాలి ఇరుక్కుపోయిన గోధుమరంగు ఆకులు పిడికిట్లో నలిపితే పొడైపోయాయి, చేతికి జిగురు వాసన అంటుకుంది. ఆమె ఆ పొడిని వాసన చూసి, ఇక ఏమీ అనలేదు. దాని చోట, గోడ వెంట ఉన్న చెక్కపేళ్ల చోట కూడా కంకర పరిచాము. చూరు అంచున వాననీరు పారే గట్టర్లలోని పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులను తీసేసి, చూరు కింది గాలి రంధ్రాలకు 1/8 అంగుళం కళ్లున్న లోహపు వల బిగించాను. ఇంటిని తాకే చెక్క కంచెలో చివరి భాగాన్ని ఇనుముతో మార్చడానికి ఒక వారాంతం పట్టింది.

ఆగస్టు చివరి వారంలో రెడ్ ఫ్లాగ్ వార్నింగ్, అంటే మంటలు త్వరగా అంటుకుని వ్యాపించే వాతావరణం ఉందనే హెచ్చరిక వచ్చింది. పాస్‌పోర్టులు, ఐ-797 అనే ఇమిగ్రేషన్ శాఖ కాగితాలు, అమ్మ బీపీ మాత్రలు, కళ్లజోడు ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గర ఉంచాము. కరెంటు పోయినా గ్యారేజీ తలుపు తెరుచుకునేలా ఎర్ర తాడు లాగడం ఇంట్లో అందరం ఒకసారి చేసి చూశాము. మా ఊళ్లో "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటారని అమ్మ గుర్తుచేసింది. ఉత్తర కార్తెలో కూడా వాన పడకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవాల్సిందేనని ఆ మాటకు అర్థం.

సాయంత్రం ఆరు దాటాక నాలుగైదు ఉరుములు ఉరిమాయి. కారు అద్దం మీద లెక్కపెట్టగలిగినన్ని చినుకులు పడ్డాయి. అరగంటకు శిఖరం వెనుక పొగ లేచింది, ఆ వెంటే ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. లెవెల్ 1, అంటే సిద్ధంగా ఉండమని. లెవెల్ 2 అయితే ఏ క్షణమైనా కదలాలి, లెవెల్ 3 అయితే ఇక ఆగకూడదు. అమ్మకు నడక నెమ్మది కనుక మేము లెవెల్ 2 కోసం కూడా ఎదురుచూడకుండా మిత్రుల ఇంటికి వెళ్లిపోయాము. అది సరైన నిర్ణయమనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

రాత్రి గాలి తగ్గి, మంట కొండ అవతలే ఆగింది. తెల్లవారి వచ్చి చూస్తే కిటికీ కింద కంకర మీద బొటనవేలి గోరంత నల్లని బొగ్గుముక్కలు మూడు ఉన్నాయి. అమ్మ వాటిని ఏరి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. కంకర కూడా కనిపించేలా ఫొటోలు తీసి బీమా సంస్థకు పంపాను. సెప్టెంబరు రెండో వారంలో పాలసీ పునరుద్ధరించినట్టు కాగితం వచ్చింది. సంచిని మాత్రం ఉత్తర కార్తె దాటేదాకా తలుపు దగ్గరి నుంచి తీయనివ్వలేదు అమ్మ.