మావయ్యగారు కోరే చట్టం

పొద్దున్న బీచ్ రోడ్డులో నడుస్తుంటే కురుసుర సబ్‌మెరైన్ దాటాక మావయ్యగారు ఆగిపోయారు. గట్టు మీద ఓ జంట చేయీ చేయీ పట్టుకుని కూర్చుంది. వాళ్ల మానాన వాళ్లున్నారు. "పెళ్లి కాకుండా కలిసి ఉంటే రిజిస్టర్ చేయించుకోవాలని ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి చట్టం అమలవుతోందమ్మా. మనకీ రావాలి. అందరూ తప్పన్నదాన్ని చట్టం చూస్తూ ఊరుకోకూడదు" అన్నారు.

ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాక కూడా ఆ "అందరూ" అన్న మాటే బుర్రలో తిరిగింది. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపిస్తే, అందులో పాలుపంచుకున్నవాళ్లని వెలివేశారు. అప్పుడూ తప్పన్నది అందరూనే. కానీ ఆ పెళ్లి చెల్లుతుందని 1856లోనే చట్టం ఉంది. అది ఏ వితంతువునీ పెళ్లాడమని బలవంతపెట్టలేదు. చేసుకుంటే చెల్లుతుందంది, అంతే. ఊరి నీతినే చట్టంగా రాసి ఉంటే ఆ పిల్ల బతుకు ఏమయ్యేది?

భోజనాల దగ్గర ఇదే చెప్పాను. ఆయన వెంటనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు చేసిన సారా వ్యతిరేక ఉద్యమం ఎత్తారు. "ఆడవాళ్లు అడిగితే 1993లో సారా నిషేధించలేదా? అది నీతి కాదా?" గట్టి ప్రశ్నే. కానీ వాళ్లు తాగుడు పాపమని రోడ్డెక్కలేదు. కూలి డబ్బంతా సారా కొట్టుకి పోతోందని, తాగొచ్చి కొడుతున్నారని ఎక్కారు. దెబ్బ తిన్నవాళ్లే అడిగారు. గట్టు మీది జంట వల్ల దెబ్బ తిన్నది ఎవరు? పైగా 1995లో పూర్తి మద్యనిషేధం పెట్టి, రెండేళ్లకే సడలించారు.

నీతి కోసమే చట్టాలు ఉంటే, ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి కలిసి ఉండటం ఇప్పటికీ నేరంగానే ఉండేది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అది నేరం కాదంది. జనం నీతి కాదు, రాజ్యాంగ నీతి, అంటే రాజ్యాంగం చెప్పే సమానత్వం, స్వేచ్ఛ లాంటి విలువలు చూడాలంది. రాజ్యాంగ నీతి మనుషులకు పుట్టుకతో రాదని, అలవరచుకోవాలని అంబేడ్కర్ 1948లోనే రాజ్యాంగ సభలో చెప్పారు. నాకు చాలా ఇష్టమైన మాట అది.

ఆ రిజిస్టరు అంటే నా అసలు భయం మావయ్యగారికి చెప్పాను. పద్దెనిమిది దాటినా ఇరవై ఒకటి నిండకపోతే ఆ చట్టం ప్రకారం అమ్మానాన్నలకు కబురు వెళుతుంది.

"కన్నవాళ్లకు తెలియాలి కదమ్మా."

"వేరే కులం అబ్బాయిని ఇష్టపడిందని కూతుర్ని చంపేవాళ్లకి కూడానా, మావయ్యగారూ?" అన్నాను.