అయోగ్యముగా అన్న ఒక్క మాట

ప్రభు భోజన సంస్కారపు ఆరాధనలో వాక్యం అయ్యేదాకా శ్రద్ధగా కూర్చుని, రొట్టె, ద్రాక్షారసం పంచే వేళకు తల దించుకుని ఉండిపోయేవాళ్లను చూస్తూనే ఉంటాం. కారణం అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "నేను యోగ్యుణ్ణి కాను." ఈ భయం కొరింథు సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన మొదటి పత్రిక, 1 కొరింథీయులకు 11వ అధ్యాయం 27వ వచనం నుంచి వచ్చింది. అయోగ్యముగా ప్రభువు రొట్టెను తినేవాడు, ఆయన పాత్రలోనిది తాగేవాడు ఆయన శరీర రక్తముల విషయంలో అపరాధి అవుతాడని పౌలు అక్కడ రాశాడు. మాట తీవ్రమైనదే. అయితే అతను రాసింది "అయోగ్యుడు తింటే" అని కాదు, "అయోగ్యముగా తింటే" అని. గ్రీకులోని అనాక్సియోస్ అన్న మాట కూడా క్రియా విశేషణమే. అది తినే తీరును చెబుతుంది, తినే మనిషి అర్హతను కాదు. అర్హతే షరతైతే ఆ బల్ల దగ్గర కూర్చోగలిగేవాడు ఒక్కడూ ఉండడు. యేసు శిష్యులతో ఈ భోజనం చేసిన మొదటి రాత్రి బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఆయన్ను ఎరుగనని కొన్ని గంటల్లోనే మూడుసార్లు బొంకిన పేతురు కూడా ఉన్నాడు.

ఇంతకీ కొరింథులో ఏ తీరు తప్పయింది? అదే అధ్యాయం 20 నుంచి 22 వరకు చదివితే తెలుస్తుంది. అప్పట్లో ప్రభు భోజనం నిజమైన భోజనంతో కలిసే జరిగేది. సంఘం కాస్త కలిగినవాళ్ల ఇళ్లలో కూడుకునేది. ఉన్నవాళ్లు ముందే వచ్చి తమ మట్టుకు తాము తినేసేవారు. లేనివాళ్లకు ఏమీ మిగిలేది కాదు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడని పౌలు సూటిగా అంటాడు. లేనివాళ్లను సిగ్గుపరుస్తారా అని నిలదీస్తాడు. అయోగ్యముగా అన్న మాట ఈ మందలింపు మధ్యలో వచ్చింది. ఆ పక్క వచనాలను వదిలేసి 27వ వచనాన్ని ఒంటరిగా చదివితే, పేదల తరఫున పలికిన మాట కుంగిపోయినవాళ్లను బల్లకు దూరం చేసే మాటగా మారిపోతుంది.

28వ వచనం కూడా సగమే గుర్తుండిపోతుంది. ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకోవాలి, "ఆలాగుచేసి" ఆ రొట్టెను తినాలి. పరీక్షించుకుని మానుకోమని అక్కడ లేదు. పరీక్ష బల్లకు రావడానికే.

దేని విషయంలో పరీక్ష? శరీరాన్ని వివేచించకుండా తినకూడదని 29వ వచనం. ఇక్కడ శరీరమంటే సిలువమీద అప్పగించబడిన ప్రభువు శరీరమని కొందరు, ఆయన శరీరమైన సంఘమని కొందరు వివరిస్తారు. నేను రెండూ కలిపి చదువుతాను. ఎందుకంటే అంతకుముందు 10వ అధ్యాయం 16, 17 వచనాల్లో పౌలే రెండింటినీ కలిపాడు: విరిచే రొట్టె క్రీస్తు శరీరంలో పాలుపొందడం, రొట్టె ఒక్కటే గనుక అనేకులమైన మనం ఒక్క శరీరం. ఆ పాలుపొందడానికి వాడిన గ్రీకు మాట కొయినోనియా, సహవాసమని మనం అనువదించుకునే మాటే. కాబట్టి "నాలో ఏ పాపముంది?" అన్న ప్రశ్న పక్కన "నేను ఎవరితో మాట్లాడటం మానేశాను? ఎవరిని చిన్నచూపు చూశాను?" అన్న ప్రశ్నలు కూడా ఉండాలి. ఈ పరీక్ష రెండు నిమిషాల మౌనంలో తేలేది కాదు. అందుకే సంస్కారం ఫలానా వారమని ముందు ఆదివారమే ప్రకటించడం మంచి పద్ధతి. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథంలో ఇందుకోసం ఒక హెచ్చరిక ప్రసంగమే ఉంది. సమాధానపడాల్సినవాళ్ల దగ్గరికి వెళ్లి రావడానికి వారం వ్యవధి దొరుకుతుంది.

"నన్ను జ్ఞాపకము చేసికొనుటకై" అని యేసు అన్న మాటనూ కాస్త నిదానించి చదవాలి. అనామ్నేసిస్ అన్న ఆ గ్రీకు మాటను పస్కా పండుగ నేపథ్యంలో వింటే దాని బరువు తెలుస్తుంది. పస్కా బల్ల దగ్గర యూదులు ఐగుప్తు విడుదలను పూర్వీకుల కథగా చెప్పుకోరు, తామే బయటికి వచ్చినట్టు చెప్పుకుంటారు. పోయినవాళ్ల ఫోటో ముందు నిలబడి తలచుకోవడం లాంటిది కాదు ఇది. జరిగిన రక్షణలో ఈ రోజు పాలుపొందడం. "ప్రభువు వచ్చువరకు" అన్న మాటతో ఆ జ్ఞాపకం ముందుకు కూడా చూస్తుంది. కృతజ్ఞత చెల్లించడమని అర్థమిచ్చే యూకరిస్తియా అన్న పేరు కూడా ఈ సంస్కారానికి ఇందుకే నిలిచింది. శోకం మాత్రమే నిండిన సంస్కారంలో ఈ సగం తప్పిపోయినట్టే.

క్రీస్తు ఆ రొట్టెలో ఎలా ఉన్నాడన్న దానిమీద సంఘాలు విడిపోయాయి. రొట్టె, ద్రాక్షారసాల సారమే మారుతుందని కతోలికులు నమ్ముతారు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ఈ మాటను వాడింది, 1551లో ట్రెంట్ మహాసభ స్థిరపరిచింది. 1529లో జర్మనీలోని మార్బుర్గ్‌లో ప్రొటెస్టెంట్ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ 15 అంశాల్లో 14 ఒప్పుకుని, ఈ ఒక్క చోట ఆగిపోయారు. ఆత్మ ద్వారా నిజమైన సన్నిధి అని మరో సంస్కర్త కాల్విన్ వైపువాళ్లు, జ్ఞాపకార్థమని బాప్తిస్టుల్లో చాలామంది అంటారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకేనా, పిల్లలకూ ఇవ్వాలా అన్నదీ సంఘాన్నిబట్టి మారుతుంది. కొత్త చోటికి వెళ్లినప్పుడు అక్కడి నియమం అడిగి పాటించడం మర్యాద.

ఇక చేతులతో చేసే పని. యేసు రొట్టెను తీసుకున్నాడు, స్తోత్రం చెల్లించాడు, విరిచాడు, ఇచ్చాడు. ఈ నాలుగూ సంఘం కళ్లకు కనిపించాలి. ఎక్కువగా మాయమయ్యేది విరవడం. రొట్టెను ముందే ముక్కలు కోసి గుడ్డ కప్పి తెస్తే "రొట్టె యొక్కటే" అన్న మాట వినబడుతుందే తప్ప కనబడదు. ముక్కలు విడిగా ఉన్నా కనీసం ఒక రొట్టెను నిండుగా ఉంచి అందరి ఎదుట విరవండి.

పులియని రొట్టె చేసేచోట 250 గ్రాముల గోధుమపిండికి సుమారు 130 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. మూడు మిల్లీమీటర్ల మందాన వత్తి, కాల్చకముందే కత్తితో పైపైన గాట్లు పెట్టాలి. గాట్లు లేకపోతే విరిచినప్పుడు వంకరగా చీలి పొడి రాలుతుంది. మందంగా వత్తితే లోపల పచ్చిగా ఉండి సాగుతుంది. మనిషికి మూడు గ్రాముల ముక్క చొప్పున ఇది వందమందికి సరిపోతుంది. కతోలిక సంఘం గోధుమ, నీళ్లు తప్ప ఏదీ కలపనివ్వదు. ఆర్థడాక్స్ సంఘాల్లో చాలావరకు మాత్రం పులిసిన రొట్టెనే వాడతాయి.

చిన్న గిన్నెలకు మనిషికి 10 మిల్లీలీటర్ల చొప్పున వందమందికి ఒక లీటరు కావాలి, కొంచెం అదనంగా ఉంచుకోవాలి. అంచుదాకా పోస్తే చేతులు మారేటప్పుడు ఒలుకుతుంది. మూడింట రెండు వంతులు చాలు. పులియని ద్రాక్షరసం వాడేచోట సీసా ఆ రోజే తెరవండి, వెచ్చటి చోట అది త్వరగా పులుస్తుంది. 1869లో అమెరికా దంతవైద్యుడు థామస్ వెల్చ్ రసాన్ని వేడిచేసి పులియకుండా నిలువచేసే పద్ధతి కనిపెట్టింది సంస్కారం కోసమే. ఒకే పాత్ర వాడితే ప్రతి ఒక్కరి తర్వాత అంచు లోపలా బయటా శుభ్రమైన గుడ్డతో తుడిచి, పాత్రను కొంచెం తిప్పి ఇవ్వాలి. రొట్టెను ముంచే పద్ధతి శుభ్రమైనదని చాలామంది అనుకుంటారు గానీ వేళ్లు రసంలో మునుగుతాయి. ముంచాల్సి వస్తే పంచేవారే ముంచి ఇవ్వడం మేలు.

గోధుమ పడనివాళ్లకు వేరే పళ్లెం మాత్రమే చాలదు. ముంచిన రొట్టె పొడి పాత్రలో ఉంటుంది కనుక వాళ్లకు వేరే పాత్ర కూడా పెట్టి, ముందుగా వాళ్లకే ఇవ్వాలి. తాగుడు మానుకున్నవాళ్లకు ద్రాక్షారసం వాసన కూడా ప్రమాదమే. పులియని రసం లేనిచోట రొట్టె ఒక్కటి తీసుకున్నా చాలని వాళ్లకు ముందే, విడిగా చెప్పాలి, అందరిముందూ అడగకూడదు.

సమయం లెక్క కూడా వేసుకోవాలి. మనిషికి ఐదు సెకన్ల చొప్పున రెండువందలమందికి ఒకే చోట పంచితే దాదాపు 17 నిమిషాలు పడుతుంది. అది చూడకుండా ప్రసంగాన్ని సాగదీసి, చివర్లో పరుగుమీద పంచేయడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రొట్టె అందినవాళ్లు అందరికీ అందేదాకా పట్టుకుని, ఒక్కసారి తినడం మంచిది. ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకుని ఉండండని పౌలు 33వ వచనంలో చెప్పింది ఇదే.

రాలేనివాళ్లు మిగిలారు. సుమారు క్రీ.శ. 155లో తొలినాటి క్రైస్తవ రచయిత జస్టిన్ రోములో రాసిన వివరణలో, కూడికలో పంచిన రొట్టెను, ద్రాక్షారసాన్ని రానివాళ్ల దగ్గరికి పరిచారకులు మోసుకెళ్లేవారని ఉంది. మంచానపడ్డవాళ్ల పేర్లు ముందే రాసుకుని, వాళ్ల వంతు బల్లమీద నుంచే విడిగా తీసి, మూతపెట్టి, ఆ పూటే ఇద్దరు వెళ్లి ఇచ్చి రావాలి. మింగలేని మనిషికి రొట్టెను రసంలో నానబెట్టి ఆవగింజంత పెదవికి తాకిస్తే సరిపోతుంది.